మెడ మీది గీతలు

పోయినవారం కిషన్‌లాల్‌ను ఒక అబద్ధంతో సహా బాన్సువాడ బస్టాండులో దింపి మన దారిన మనం వచ్చేశాం. ఆ అబద్ధమేమిటో మరిచిపోయినవాళ్లు కొందరైనా ఉంటారు కాబట్టి ఇంకోసారి చెప్పుకోవడం మంచిది. ఈవారం జరగబోయేదంతా దాని పుణ్యమే మరి.

లోక్యా తండా నాయక్ భద్రుకు గొంతు బొంగురుపోయి చాలాకాలమైంది. మొదట చలిగాలి అన్నారు, తర్వాత బీడీలు అన్నారు. చివరికి కొడుకు కిషన్‌లాల్ పట్నం తీసుకుపోతే, అక్కడి పెద్ద దవాఖానలో గొంతులోకి అద్దం పెట్టి చూసి, చిన్న ముక్క తీసి పరీక్షకు పంపి, తండ్రిని బయట బెంచీ మీద కూర్చోబెట్టి కొడుకును లోపలికి పిలిచారు. గొంతులో క్యాన్సర్. బాగా ముదిరింది. రెండు దార్లున్నాయన్నారు. ఒకటి, మాట పుట్టే చోటును మొత్తం కోసి తీసెయ్యడం. మనిషి బతికే ఆశ అందులోనే ఎక్కువ. కాని మాట ఇక రాదు, మెడకు పెట్టిన రంధ్రంలోంచే ఊపిరి. రెండోది, బయటినుంచి కరెంటు, అంటే రేడియేషన్, పెట్టి గడ్డను అణచడం. మాట మిగలవచ్చు. మనిషి మిగులుతాడని మాత్రం ఎవరూ గట్టిగా అనలేదు. ఆలస్యం చేస్తే ఆ దారీ మూసుకుపోతుందన్నారు.

కిషన్‌లాల్ నిలబడ్డచోటనే కరెంటు అన్నాడు. బయటికొచ్చి తండ్రితో, "చిన్న పుండు బాపూ, కరెంటుకు ఎండిపోతదట" అన్నాడు. దవాఖానవాళ్లు భద్రు మెడకు రెండుపక్కలా, కరెంటు ఎక్కడ తగలాలో గుర్తుగా, ఊదారంగు మందుతో గీతలు గీసి, వీటిని చెరగనియ్యకండి, సోమవారం మొదలుపెడదాం అని పంపారు. తండాలో నీళ్ల వంతుల తగాదా ఒకటి తన కోసం ఆగి ఉందని భద్రు పట్టుబట్టి అటునుంచి అటే తండాకు పోయాడు. ఇవ్వాళ ఆదివారం. తండ్రిని తీసుకొచ్చి రాత్రికి బాన్సువాడలో తన ఇంట్లో పడుకోబెట్టుకుని, తెల్లవారి బస్సుకు పట్నం పోవాలని కిషన్‌లాల్ ఆలోచన.

"ఇవ్వాళన్న చెప్తవా, చెప్పవా?" అంది భార్య గౌరీబాయి, బియ్యం కడుగుతూ తలెత్తకుండా.

"ఏం చెప్పాలె?"

"నీకెర్క లేదా ఏం చెప్పాలెనో."

కిషన్‌లాల్ అంగీ గుండీలు పెట్టుకుంటూ గుమ్మంలో నిలబడ్డాడు. కాలువల ఆఫీసులో చిన్న ఉద్యోగం అతనిది. ఆఫీసులో పైవాళ్లకు ఏం చెప్పాలో, ఏం చెప్పకూడదో బాగా నేర్చుకున్నాడు. ఆ తెలివే ఇంట్లోనూ వాడాడు పాపం.

"క్యాన్సర్ అన్న పేరు వింటే దిగులుతోనే పోతడు గౌరీ."

"చెప్పకపోతే ఉంటడా?" అంది గౌరీబాయి. "ఎంతమంది తగాదాలు తెంపిన మనిషి. ఆయన్ని పట్టుకొని నువ్వు పాలు తాగే పోరగాని లెక్క చేస్తున్నవ్. ఎన్నడో ఒకనాడు తెలుస్తది. ఆ దినం నీ మొకం ఎక్కడ పెట్టుకుంటవ్?"

గౌరీబాయి నోరు మంచిది కాదని అత్తగారింటివైపు అంటారు గాని, ఆమె మాటల్లో పొల్లు ఉండదు. కిషన్‌లాల్ చెప్పులేసుకున్నాడు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి, లేకపోతే కిషన్‌లాల్‌ను మీరు ఉత్త మూర్ఖుడనుకుంటారు. తండాలో నాయక్ అంటే తలపాగా కాదు, నోరు. తగాదా వస్తే ఇరుపక్షాలూ నిలబడి చెప్పుకుంటారు, పెద్దలు తలా ఒక మాట అంటారు. ఆఖరి మాట మాత్రం నాయక్ నోటినుంచే రావాలి. ఆయన తరఫున ఇంకొకరు చెప్తే చెల్లదు. మాటపోయిన నాయక్‌కు తండా అన్నం పెడుతుంది, పక్కన కూర్చోబెట్టుకుంటుంది, తీర్పు మాత్రం అడగదు. తండ్రి పరువు కోసమే కరెంటు అన్నానని కిషన్‌లాల్ తనకు తాను చెప్పుకున్నాడు. నిజానికి అతనికి భయం. తల్లి చిన్ననాడే పోయింది. పొలంలోంచి "కిషన్యా" అని కేకేసి పిలిచి, బువ్వ తినిపించి పెంచిన గొంతు అది. ఆ గొంతు లేని తండ్రిని అతను ఊహించుకోలేకపోయాడు.

బీర్కూర్ బస్సు దిగి కాలువ కట్ట పట్టుకుని నడిచాడు. నిజాంసాగర్ నీళ్లు వదిలినట్టున్నారు, కాలువ నిండుగా బురదరంగులో పోతోంది. రెండుపక్కలా వరి పొట్టకొచ్చి ఉంది. మంచి కాలమే. అయినా కిషన్‌లాల్‌కు ఆ దారంతా ఏదో తేడాగా అనిపించింది. తూము దగ్గరికి వచ్చాక అదేమిటో తెలిసింది. వంతుల దినాల్లో ఈపాటికి తూము మీద భద్రు కూర్చుని, ఫలానావాళ్ల మడి అయింది, ఫలానావాళ్లు మలుపుకోండి అని కేకలేస్తుండేవాడు. ఆ కేక అవతలి ఊరి పొలాలదాకా పోయేది. ఇవ్వాళ తూము మీద భిక్యా ఒక్కడే కూర్చుని బీడీ తాగుతున్నాడు. భిక్యాది వాళ్ల పక్క ఇల్లే.

"రా కిషన్. నాయక్‌కు ఇగ ఫికర్ లేదట గదా," అన్నాడు భిక్యా.

"ఎవరు చెప్పిండ్రు?"

"ఎవరు చెప్పుడేంది, మీ మోతీ ఫూపీనే చెప్పింది. ఆమె చెయ్యి పడ్డంక ఎట్లాంటి పుండైనా మొకం మాడ్సుకోవాల్సిందే. నిన్న నా ఎద్దు కాలుకు గూడ ఆమెనే..."

మిగిలింది కిషన్‌లాల్ వినలేదు. మేనత్త చేతిలో ఏ వైద్యం ఉందో అతనికి తెలుసు. చిన్నప్పుడు కడుపుబ్బరం వస్తే అతని బొడ్డు పక్కనా ఆమె వాత పెట్టింది, ఆ మచ్చ ఇంకా ఉంది. కట్ట దిగి అడ్డంగా పొలం గట్ల మీదుగా పరుగెత్తాడు. వెనకనుంచి భిక్యా ఏదో అడుగుతూనే ఉన్నాడు.

ఇంటిముందు పందిట్లో మంచం వేసి ఉంది. భద్రు నాయక్ గోడకు ఆనుకుని, కాళ్లు చాపుకుని కూర్చున్నాడు. ఎండ పేలిపోతోంది, మనిషి మాత్రం మెడ చుట్టూ మందపాటి రుమాలు చుట్టుకుని ఉన్నాడు. కొడుకును చూసి నవ్వి చెయ్యెత్తాడు. నోరు తెరిచి ఏదో అనబోయాడు గాని మాటకన్నా ముందు సన్నని ఈల వచ్చింది. ఊపిరి లోపలికి పోయినప్పుడల్లా వస్తోంది ఆ ఈల. పోయినవారం అది లేదు.

పందిట్లో ఆముదం వాసన, పసుపు వాసన. వాటి కింద ఇంకో వాసన ఉంది. పండగకు మేకను కాల్చినప్పుడు వచ్చే వాసన అది, అక్కడ మాత్రం మేక లేదు.

ఇంట్లో వాళ్లు మాట్లాడుకునేది వాళ్ల భాషే. మన కోసం తెలుగులో చెప్పుకుందాం.

"బాపూ, రుమాలు తియ్యి," అన్నాడు కిషన్‌లాల్.

"ఉండనియ్యి. గాలి తాకితే మండుతది."

కిషన్‌లాల్ వంగి తానే తీశాడు. చివరి పొర చర్మానికి అంటుకుని ఉంటే నెమ్మదిగా లాగాడు. భద్రు పళ్లు బిగబట్టాడు.

పట్నంలో గీసిన ఊదారంగు గీతలు కనబడలేదు. ఆ గీతలున్నచోట, ఈ చివరనుంచి ఆ చివరదాకా, ఎక్కడా పక్కకు పోకుండా, చర్మం కాలి ఉంది. అంచులు నల్లగా, మధ్యలో ఎర్రగా, తడిగా. మెడ రెండుపక్కలా వాచిపోయి గదవ కిందినుంచి ఛాతీదాకా ఒకటే దిమ్మలా అయింది. కిషన్‌లాల్ చేతిలోని రుమాలు కింద పడిపోయింది.

"ఎవరు చేసిండ్రు ఇది?"

"ఎవరు చేస్తరు, నేనే చేసిన," అంటూ మోతీబాయి లోపలినుంచి వచ్చింది. భద్రు కన్నా పెద్దది ఆమె. చేతులనిండా గాజులు, నడుం వంగినా నడక గట్టిది. ఆమె ముఖంలో తప్పు చేసిన జాడ లేకపోగా కాస్త గర్వం కూడా ఉంది. "పట్నపోల్లు గీత మంచిగనే గీసిండ్రు, కాదనను. గీసి ఇడిసిపెట్టిండ్రు. పని సగమే చేసి పంపితే ఎట్ల? గా సగం నేను చేసిన. గీత మీదనే పెట్టిన బిడ్డా, గోరంత గూడ బయటికి పోలే. సూస్కో."

కిషన్‌లాల్‌కు అంతా ఒక్కసారిగా అర్థమైంది. వాతపెట్టేవాళ్ల పద్ధతే అది. ముందు బొగ్గుతో గీత గీస్తారు, ఆ గీత మీద కాలిన సలాక ఆనిస్తారు. పొద్దుపోతే గీత మాత్రం గీసి, తెల్లవారి రమ్మంటారు. తమ్ముడి మెడ మీద గీతలు చూసి, సోమవారం రమ్మన్నారని విని, మోతీబాయి ఇంకేమనుకుంటుంది? పట్నం డాక్టర్లు గీసి, సలాక పెట్టడం సోమవారానికి వాయిదా వేశారనుకుంది. తండాలో ఎవరిని అడిగినా అదే అనేవాళ్లు.

అర్థమైతే మాత్రం కోపం ఆగుతుందా. గుంజకు ఆనించి ఉన్న ఇనుప సలాకను అందుకుని కిషన్‌లాల్ వాకిట్లోకి విసిరేశాడు. అది రాతికి తగిలి మోగింది. ఎన్నడూ అత్త ముందు ఎత్తని గొంతుతో, "నీ చేతులు ఇరిగిపోను, నిన్నెవరు పెట్టుమన్నరు? నిన్నెవరడిగిండ్రు?" అన్నాడు.

మోతీబాయి బిత్తరపోయి చూసింది. ఆమెకూ రోషం ఉంది.

"నీ బాపే అడిగిండు," అంది. "చిన్న పుండన్నవ్ గదరా నువ్వు. చిన్న పుండుకు పట్నందాక ఎందుకు, పోరడు ఆఫీసుకు సెలవులు పెట్టుకుంట తిరుగుతుండు, ఈడనే పని ఒడగొట్టు అక్కా అన్నడు. నేను ఒకటికి రెండుసార్లు అడిగిన. కిషన్ ఏమన్నడు, నిజంగ చిన్నదేనా అని. చిన్నదే అన్నడని చెప్పిండు. గప్పుడు పెట్టిన."

"అయితే మాత్రం..."

"ఏంది అయితే మాత్రం? రాచపుండు మీద ఇనుము సోకొద్దని నాకెర్క లేదా? సోకితే రేగుతది, మనిషిని మింగుతది. మమ్ముల కన్న మా యాడి నాకు మొట్టమొదట చెప్పింది గదే. పెద్ద రోగమని నువ్వు ఒక్క మాట అంటే నేను సలాక ముట్టుదునా? నా తమ్మున్ని నేను సంపుకుంటనా?"

తిట్టడానికి కిషన్‌లాల్ ఎత్తిన చెయ్యి అలాగే దిగిపోయింది. సలాక పెట్టింది మేనత్తే గాని, చిన్న పుండు అన్న మాట తనది. ఆ ఒక్క మాట లేకపోతే ఈ మెడ ఇలా ఉండేది కాదు. అతనికి ఏడుపొచ్చింది, ఏడవడానికి సిగ్గేసింది.

మంచం మీదినుంచి భద్రు చేత్తో పట్టె మీద తట్టాడు.

"మోతీ, జర లోపల కూసో."

"నేనేమన్న..."

"కూసో అంటున్న."

మోతీబాయి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి పోయింది. భద్రు కొడుకుకేసి చూశాడు. కిషన్‌లాల్ మంచం చివర కూర్చోబోతే వద్దన్నట్టు వేలు ఊపాడు.

"నిలబడి చెప్పు. చిన్న పుండుకు గింత కోపమెందుకు?"

తండా ముందు సాక్షిని అడిగినట్టే అడిగాడు. గొంతు మాత్రం గుసగుసకు దిగింది, రెండు మాటలకొకసారి ఊపిరికోసం ఆగుతున్నాడు. కిషన్‌లాల్ నిలబడి చెప్పాడు. క్యాన్సర్ అన్నది చెప్పాడు. ముదిరిందన్నది చెప్పాడు. రెండు దార్ల సంగతి చెప్పాడు, తను ఏది ఎంచుకున్నాడో, ఎందుకు ఎంచుకున్నాడో చెప్పాడు. చెప్పినంతసేపు తండ్రి ముఖంకేసి చూడలేదు, ఆయన పాదాలకేసి చూశాడు. ఆ పాదాలు కదల్లేదు.

భద్రు అంతా విన్నాడు. పేరు వింటే దిగులుతో కుంగిపోతాడని కదా కిషన్‌లాల్ భయం. ముసలాయన కుంగలేదు. ఆయన కళ్లు ఎర్రబడ్డాయి.

"గా గదిల ఎవరెవరున్నరు?"

"డాక్టర్లు, నేను."

"నేనెక్కడున్న?"

"బయట. బెంచీ మీద."

"నా గొంతు మీద పంచాయితీ పెట్టి నన్ను బయట కూసోబెట్టినవ్," అన్నాడు భద్రు. "దొంగతనం చేసినోన్ని గూడ ముందల నిలబెట్టి, నువ్వేమంటవ్ రా అని అడుగుతం. నన్ను అడగలే. నేను గా దొంగకన్న కానోన్నయిన."

"భయమైంది బాపూ."

"నీకు భయమైంది. గా భయానికి నన్ను గుడ్డోన్ని చేసినవ్. చిన్నదని నువ్వంటే, కొడుకు అబద్ధం చెప్పడని మెడ ఇచ్చి కూసున్న."

కిషన్‌లాల్ మోకాళ్ల మీద కూలబడి తండ్రి పాదాలు పట్టుకున్నాడు. భద్రు లేపలేదు, తోసెయ్యనూ లేదు. ఈల వేస్తున్న ఊపిరి రెండు మూడుసార్లు తీసుకుని, ఆ తర్వాత చెయ్యి కొడుకు తల మీద పెట్టాడు.

"ఒట్టు పెట్టు. ఇంకోసారి నన్నడగకుండ నా గొంతు సంగతి నువ్వు తీర్పు చెయ్యవు. బతుకుడైనా, సచ్చుడైనా, నేనే చెప్పాలె."

"చెయ్య బాపూ. నువ్వు చెప్పిందే. నీ మీద ఒట్టు."

"లే. ఇగ ఏం చెయ్యాలె ఇప్పుడు?"

ఏం చెయ్యాలో కిషన్‌లాల్‌కూ తెలియదు. పట్నం బస్సు రేపు తెల్లవారిగాని లేదు. ముందు బాన్సువాడ చేరితే శివరాం డాక్టర్ ఉన్నాడు. భద్రును మొట్టమొదట చూసి, ఇది నా చేతిలో పనికాదు, పట్నం తీసుకుపొమ్మన్నది ఆయనే. భిక్యా బండి కట్టాడు. బండి కదులుతుంటే మోతీబాయి గుమ్మంలో నిలబడి ఏడ్చింది. రావద్దని ఎవరూ అనలేదు, ఆమే రాలేదు. వంతెన దగ్గర చెరుకు లారీ ఆపి డ్రైవరు పక్కన తండ్రిని కూర్చోబెట్టాడు కిషన్‌లాల్. దారిలో లారీ ఆగినప్పుడల్లా ఆ ఈల వినిపిస్తూనే ఉంది. బాన్సువాడ వచ్చేసరికి అది ఇంకా సన్నబడింది. డ్రైవరు మాటిమాటికీ పక్కకు చూసి బండి తొందరగా తోలాడు.

శివరాం డాక్టర్ ఇల్లూ, దవాఖానా ఒకటే. ముందు గదిలో రోగులు, వెనక గదిలో సంసారం. ఆదివారం కాబట్టి కంపౌండర్ లేడు. డాక్టరే తలుపు తీసి, భద్రును బల్ల మీద కూర్చోబెట్టి మెడ చూశాడు. వేళ్లతో వాపు నొక్కి చూశాడు. చెవి దగ్గరగా పెట్టి ఊపిరి విన్నాడు. విన్నంతసేపు ఆయన కనుబొమలు ముడిపడే ఉన్నాయి. చేతులు కడుక్కుని వచ్చి, "కిషన్, జర బయటికి రా" అన్నాడు.

కిషన్‌లాల్ కదల్లేదు. "ఈడనే చెప్పండి సార్. బాపుకు అన్నీ ఎరుకే."

"నాతోటి చెప్పు డాక్టర్ సాబ్," అన్నాడు భద్రు. "రోగం నాది."

శివరాం ఇద్దరినీ మార్చి మార్చి చూసి, స్టూలు లాక్కుని భద్రు ఎదురుగా కూర్చున్నాడు.

"చెప్త నాయక్. ఈ కాలిన తోలు మీద కరెంటు పెట్టరు. పుండు మానేదాక ఆగాలె. మానేదాక గడ్డ ఆగదు. అంటే కరెంటు దారి పోయినట్టే. ఇగ మిగిలింది కోసుడు. పైన కాలింది మానకుంటే కోసుడు గూడ కష్టమే, కాని పట్నంల వాళ్లు ఏదో తంటాలు పడతరు. లేకుంటే ఏం చెయ్యకుండ ఇంటికి పోయి, నొప్పికి మందు తాగుడు. అది గూడ ఒక దారే, నేను తప్పనను. ఏదైనా, లోపల వాపు పెరుగుతున్నది. ఇవ్వాళనే ఏదన్న బండి మాట్లాడుకొని పట్నం పోవాలె."

గడ్డను అణిచేది పోయింది, మాట మిగిల్చేది పోయింది. తండ్రి మాట కోసమే కదా కిషన్‌లాల్ అబద్ధమాడింది. ఆ అబద్ధమే మాటను తీసుకుపోతోంది.

భద్రు మాత్రం సావకాశంగా అడగడం మొదలుపెట్టాడు, పొలం కొనేవాడు గట్లు అడిగినట్టు.

"కోసినంక తినొచ్చునా?"

"తినొచ్చు."

"నవ్వితే సప్పుడొస్తదా?"

"రాదు నాయక్."

"ఏడిస్తే?"

"రాదు."

"మనిషిని పిలవాలంటే?"

"చప్పట్లు కొట్టాలె. లేకుంటే రాసి చూపాలె."

"నాకు రాయరాదు," అన్నాడు భద్రు.

ఇంతలో కబురందిన గౌరీబాయి గంజి గిన్నె పట్టుకుని వచ్చింది. మామ మెడ చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. కిషన్‌లాల్ వైపు చూసింది. పొద్దున తను అన్న మాటలు నిజమైనందుకు ఆమెకు ఏ సంతోషమూ లేదు.

"అయితే ఏమంటవ్ నాయక్?" అన్నాడు శివరాం.

"రేపు పొద్దుగాల చెప్త."

భద్రు పద్ధతి అది. ఏ తగాదా అయినా ఒక దినం వింటాడు, రాత్రి గడవనిస్తాడు, తెల్లవారి లేచాక తీర్పు చెప్తాడు. విన్నదినమే చెప్పింది ఎన్నడూ లేదు. తొందరపెట్టినవాళ్లను వంతెనవతలికి పంపేవాడు.

"రేపటిదాక ఆగేట్టు లేదు," అన్నాడు డాక్టర్.

"ఒక రాత్రి గడవకుండ నేను ఎవరి మీద తీర్పు చెప్పలే డాక్టర్ సాబ్. నా మీద నేను చెప్పుకుంటనా?"

కోయించుకో బాపూ, నాకు నువ్వు కావాలె, మాట లేకున్న ఫికర్ లేదు అని కిషన్‌లాల్ నాలిక చివరదాకా వచ్చింది. తండ్రి చేత తల మీద చెయ్యి పెట్టించుకుని ఒట్టేసి ఇంకా పొద్దు వాలలేదు. పెదవులు బిగించుకున్నాడు. శివరాం జీపు మాట్లాడుతానని లేచాడు. జీపులోనైనా సరే రాత్రి గడిస్తే చాలు, పట్నం చేరేసరికి తెల్లవారుతుంది, అప్పుడే చెప్పనిద్దాం అన్నాడు. ఆ మాటకు భద్రు తలూపాడు. కిషన్‌లాల్‌కు కొంచెం ప్రాణం కుదుటపడింది.

"గొంతు తడుపుకోరాదె, పొద్దటిసంది ఏం తిననట్టున్నది," అంటూ గౌరీబాయి గంజి గిన్నె అందించింది. భద్రు రెండు చేతులతో అందుకుని ఒక గుక్క తాగాడు.

ఆ గుక్క లోపలికి పోలేదు. దగ్గు వచ్చింది. దగ్గు మీద దగ్గు, ఆ మధ్యలో ఊపిరి లోపలికి లాగుతుంటే ఈల. తర్వాత ఈల కూడా ఆగింది. భద్రు నోరు తెరుచుకునే ఉంది, ఛాతీ ఎగురుతోంది, లోపలికి మాత్రం ఏమీ పోవడం లేదు. గిన్నె కింద పడి గంజి బల్ల కిందంతా పారింది. గౌరీబాయి మామ వీపు పట్టుకుని, ఏదో ఒకటి చెయ్యండి సార్ అంటోంది.

శివరాం రెండంగల్లో వచ్చి భద్రును బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టాడు. భుజాల కింద దిండు తోసి, బీరువా తెరిచి, గుడ్డలో చుట్టిన కత్తీ గొట్టమూ తీశాడు. స్పిరిట్ వాసన గదంతా కొట్టింది. కాలిన గీతల మధ్య, మెడ కింది భాగంలో, ఆయన ఎడమచేతి వేలు చోటు వెతికి ఆగింది.

"గొంతు మూసుకున్నది. ఇప్పుడే రంధ్రం పెట్టాలె," అన్నాడు కిషన్‌లాల్‌తో. "పెడితే ఊపిరొస్తది. మాట ఆగిపోతది. మళ్ల వస్తదో రాదో నేను చెప్పలేను. పట్నంల కోస్తే ఎట్లాగూ రాదు. ఆయన్నడిగే టైం లేదు. కొడుకువు, నువ్వు చెప్పు."

కిషన్‌లాల్ తండ్రి తల దగ్గర వంగాడు. రంధ్రం పెడితే, రేపు పొద్దున చెప్తానన్న మాట ఆయన ఇక ఎన్నటికీ తన నోటితో చెప్పలేడు. పెట్టకపోతే రేపు పొద్దున అన్నది ఆయనకు లేదు.

"బాపూ, పెట్టమంటనా? బాపూ, నువ్వే చెప్పు."

భద్రు కళ్లు తెరిచే ఉన్నాయి. పెదవులు నీలంగా మారుతున్నాయి. బల్ల మీద తడుముతున్న చెయ్యి కొడుకు మణికట్టును దొరకబుచ్చుకుని బిగించింది, ఎముక నొప్పి పుట్టేంత గట్టిగా. ఆ పట్టు కానియ్యమంటున్నదో, వద్దంటున్నదో కిషన్‌లాల్‌కు తెలియలేదు.

"కిషన్," అన్నాడు డాక్టర్, కత్తి మెడకు ఆనించి.

గౌరీబాయి భర్త భుజం పట్టి ఊపింది. మణికట్టు మీది పట్టు కొద్దికొద్దిగా సడలుతోంది. కిషన్‌లాల్ తండ్రి కళ్లలోకి చూస్తూనే నోరు తెరిచాడు.